నాజిల్‌లో స్టవ్ పిన్ను

అక్షరాలు నేర్చుకున్నది యాభై దగ్గరపడ్డాక గానీ, కిరసనాయిలు స్టవ్వు బాగుచేయడం నాకు పదేళ్ళప్పుడే వచ్చు. మంట ఎర్రగా వచ్చి పొగ కక్కితే, సన్నతీగ పిన్నుతో రంధ్రంలో పొడవాలి. నీలం మంట వస్తుంది. ఆ విద్యే కొంప ముంచింది.

నాట్లకు ముందు మా ట్రాక్టరు నల్లపొగ పెట్టడం మొదలుపెట్టింది. ఊరి మెకానిక్కు వచ్చి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు మూడూ ఊడదీసి, అరుగు మీద గుడ్డపై పెట్టి అన్నానికి వెళ్ళాడు. చూస్తే ఒక్కోదాని కొనకు వెంట్రుకంత రంధ్రాలు, చుట్టూ మసి. అచ్చం స్టవ్వుకు చుట్టమే. పిన్ను తెచ్చి పొడిచాను. ఒక్క రంధ్రంలోకి దూరింది, అదీ బలంగా నొక్కితే. మిగతావి మొండికేశాయి. ఏమీ ఎరగనట్టు వెళ్ళి పప్పు కడుక్కున్నాను.

మెకానిక్కు తిరిగొచ్చి బిగించాక పొగ రెండింతలైంది. పక్కింటి అవ్వ ఆరేసిన తెల్లచీర బూడిదరంగుకు తిరిగింది.

"మీ ట్రాక్టర్ దున్నుతున్నదా, దోమలకు పొగ వెడుతున్నదా?" అని అరిచింది.

"మెకానిక్కే ఏందో చేసిండు. నిజామాబాద్ల చాచాకు సూపిస్త. తప్పు వానిదని తేలనీ, వాని సంగతి చెప్త," అన్నాడు మా ఆయన.

మర్నాడు ఆయన నాజిళ్ళు ఊడదీసుకుని బయల్దేరితే నేనూ వెంటపడ్డాను.

అందరూ చాచా అనే ఆ ముసలాయన డీజిల్ పంపులు బాగుచేస్తాడు. ఒక్కో నాజిల్‌నూ మిషనుకు బిగించి హ్యాండిల్ నొక్కాడు. రెండు నాజిళ్ళు అత్తరు చల్లినట్టు చిమ్మాయి. మూడోదాంట్లో ఒక రంధ్రం మాత్రం చంటిపిల్లాడు గోడకు పోసినట్టు ధార పెట్టింది.

"పిస్టన్ నెత్తిమీద గిన్నె లెక్క గుంట ఉంటది బిడ్డా," అని నాకు చెప్పాడు. "అండ్ల గాలి గిర్రున తిరుగుతది. డీజిల్ మంచు లెక్క పడితే గాలిల కలిసి కాలుతది. ధార పడితే గిన్నె గోడకు అంటి మాడుతది. గదే నల్లపొగ."

వెంటనే అర్థమైంది. మరిగే నీళ్ళు తిప్పుతూ రవ్వ చల్లితే ఉప్మా, కుమ్మరిస్తే ఉండలు.

"గుంట లోతు, రంధ్రాల వాలు జత చూసి చేస్తరు. ఒక్క రంధ్రం పెద్దగైనా లెక్క తప్పుతది. ఎవడో బేవకూఫ్ దీంట్ల పిన్ను వెట్టి పొడిసిండు."

"ఇంకెవడు? వాన్ని మళ్ళ మా గడప తొక్కనియ్య!" అంటూ మా ఆయన ఫోను తీశాడు.

ఎంత ఎండలోనైనా పొలం దాకా వచ్చే మనిషి ఆ మెకానిక్కు. ఈ మాట పడితే ఊళ్ళో వాడి పేరు పోతుంది. ఫోను అవతల మోగుతోంది.

"వాడు కాదు, నేనే పొడిసిన," అన్నాను. "స్టవ్ పిన్నుతోని."

చాచా నవ్వు ఆపుకోవడానికి నాజిల్‌ను కంటి దగ్గర పెట్టుకుని, ఉన్నట్టుండి దాన్ని చాలా శ్రద్ధగా చూడసాగాడు. మా ఆయన నన్ను తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో ఫోన్లోంచి, "హలో! అన్నా! హలో!"

తెరిచిన నోరు ఏం చేయాలో తెలియక, "ఏం లేదు తమ్మీ... అన్నం తిన్నవా?" అన్నాడు.

"పొద్దుగాల పదింటికి అన్నమేందన్నా? నీ పానం మంచిగున్నదా?"