గింజా గుమ్మంలో మా అత్తయ్య

ఇవాళ టోక్యోలో గింజా అనే ఖరీదైన కొట్ల వీధికి మా అత్తయ్యని తీసుకెళ్లాను. తాడేపల్లిగూడెంలో మా బట్టల కొట్లో ముప్పై ఏళ్లుగా గల్లా దగ్గర కూర్చునేది ఆవిడే. రెండు గంటలు తిరిగి తిరిగి, చివరికి ఓ పెద్ద కొట్లో ఒక్క జేబురుమాలు కొన్నారు.

అమ్మిన అమ్మాయి అది పెట్టిన సంచీ తనే పట్టుకుని వీధి గుమ్మందాకా వచ్చి, మా చేతికిచ్చి, నడుం వంచి నమస్కారం పెట్టింది. నాలుగడుగులు వేసి చూస్తే ఇంకా అక్కడే ఉంది, మళ్లీ వంగింది. సాగనంపేవాళ్లు గుమ్మంలో ఉండగా వీపు తిప్పి వెళ్లిపోవడం అత్తయ్యకి చేతకాదు. ఆవిడా ఆగి దణ్ణం పెట్టారు. ఆ అమ్మాయి ఇంకా కిందకి వంగింది.

"ఇక లోపలికి వెళ్లమ్మా, ఎండగా ఉంది" అన్నారు అత్తయ్య, తెలుగులోనే.

"మనం కనపడుతున్నంతసేపూ వెళ్లదండీ. ఇక్కడి పద్ధతట" అన్నాను.

"ఆ పిల్ల వెళ్లకుండా నేనెలా కదులుతానే?"

ఐదు నిమిషాలయ్యాక చెయ్యి పట్టుకుని మలుపు తిప్పేశాను. గోడ చాటునుంచి తొంగిచూసి, గుమ్మం ఖాళీ అయిందని తెలిశాకే ఆవిడ కుదుటపడ్డారు.

రైలెక్కాక అడిగారు. "మన కొట్లో ఎవరైనా వెళ్తుంటే నేనెప్పుడైనా లేచి నిలబడ్డానంటావా?"

"లేదండీ" అన్నాను.

ఇలాంటప్పుడు ముందు ఎవరు వీపు తిప్పాలో తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే వారం అత్తయ్య ఊరొచ్చాక మా కొట్టుకొచ్చే గూడెం వాళ్లకి మాత్రం ఒక మనవి. ఆవిడ గుమ్మందాకా వస్తే వెనక్కి చూడకండి. చూశారంటే మీ ఏలూరు బస్సు వెళ్లిపోయినట్టే.