ఎత్తేవాళ్లకు చెప్పే మాట

మొన్న వాన వెలిశాక మనవరాలు కుట్టుమిషనుకు నూనె వేస్తోంది. ఆ వాసనకు సుభద్రమ్మగారి కుర్చీ ఎక్కడినుంచో మెల్లగా దొర్లుకుంటూ వచ్చి నా ఎదుట ఆగినట్టయింది. సైకిలు చక్రాలు బిగించిన టేకు కుర్చీ అది. రోజూ పొద్దున్నే ఆ చక్రాలకు నూనె వేయడం నా పని. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు, ముక్తేశ్వరంలో వాళ్లింట పనిలో ఉండేదాన్ని. పసితనంలో వచ్చిన జ్వరం ఆవిడ కాళ్లు తీసుకుపోయింది. చదువు మాత్రం మిగిలింది. మద్రాసులో ఒక బడివాళ్లు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. రైలైతే రాత్రంతా తోడు కావాలి, విమానమైతే ఒక్క పూట. విమానంలో ఒక్కదాన్నే వెళ్తానన్నారు ఆవిడ.

అన్నగారు ఒప్పుకోలేదు. "ఆ విమానం మెట్లు నిన్నెవరు ఎక్కిస్తారే? ముక్కూ మొహం తెలియనివాళ్లు పట్టుకుంటారు."

"ఊహ తెలిసినకాడినుంచి ఎవరో ఒకరు పట్టుకుంటూనే ఉన్నారు కదా అన్నయ్యా."

"అయితే ముందు పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి వెళ్లిరా. మనింటి చెయ్యి తగలకూడదు. మంగ వెనకాలే వచ్చి చూస్తుంది, అంతే" అని నన్ను చూపించారు.

ఆ మర్నాటినుంచి పెరట్లో సాధన మొదలైంది. కొబ్బరికాయలు దింపేవాళ్లిద్దరు మొదటిసారి చంకల్లో చేతులు వేసి లేపేసరికి ఆవిడ చీర జారింది, కాలు అరుగుకు కొట్టుకుంది. ఏడుస్తారనుకున్నాను. తువ్వాలు తెప్పించి మోకాళ్లు కలిపి కట్టుకున్నారు. "ఒకరు వీపు వెనక, ఒకరు మోకాళ్ల కింద. నేను 'ఊఁ' అన్నాకే లేపాలి."

"బస్తా కన్నా తేలికేనండి, ఆయ్!" అన్నాడొకడు.

"బస్తాకి నోరు లేదురా. నాకుంది."

విమానంలో లేచి వెళ్లడం కుదరదని మజ్జిగ కూడా మానేశారు. "మజ్జిగ లేకుండా ముద్ద ఎలా దిగుతుందండీ?" అన్నాను. "మబ్బుల్లో అవసరమొస్తే నేనెలా దిగనే?" అని పకపకా నవ్వేరు.

పంటు ఎక్కే రోజు గోదావరి మీద మంచు. రేవులో ఇద్దరు గబగబా వచ్చి ఆవిడ భుజాలు పట్టుకున్నారు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఆవిడ నావైపు ఒక్క చూపు చూశారు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఆగండి బాబూ. ఎలా పట్టుకోవాలో నేను చెబుతాను."

ఆగారు, విన్నారు. ఆవిడ "ఊఁ" అన్నాకే లేపారు. నడిమధ్యకు వెళ్లేసరికి అటు గట్టూ లేదు, ఇటు గట్టూ లేదు. నీళ్లూ ఆకాశమూ ఒకే తెలుపు. ఆవిడ కళ్లు మూసుకున్నారు. "పైకి లేచినట్టే ఉందే మంగా" అన్నారు. నాకూ కాళ్ల కింద చెక్క ఉన్నట్టు తెలియలేదు.

ఇంటికి రాగానే అన్నగారు నన్ను అడిగేరు: "ఎవరెక్కించేరే?"

"చిన్నమ్మగారే ఎక్కేరండి, వాళ్ల చేతులతో."

మర్నాడే ఆయన విమానం టిక్కెట్టు తెప్పించారు. ఆవిడ ఎక్కిన విమానాన్ని నేను చూడలేదు. పైన ఏ చప్పుడైనా చాలాకాలం తల ఎత్తి చూసేదాన్ని.

ఏళ్లు గడిచాక మా ఆయన పోయారు. పదోరోజున ఆడవాళ్లు నా గాజులు పగలగొట్టడానికి వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నారు.

"ఆగండమ్మా. నేను చెబుతాను" అన్నాను.

వాళ్ల చేతులు అలాగే ఆగిపోయాయి. గాజులు నేనే ఒక్కొక్కటిగా తీసి, పగలకుండా పక్కన పెట్టాను. నీళ్లూ ఆకాశమూ కలిసిన ఆ తెలుపు కాసేపు కళ్ల ముందు నిలిచింది.

అప్పుడు, ఇక నన్ను లేపవచ్చన్నట్టు, "ఊఁ" అన్నాను.