ముందు పొడవు, వెనక పొడవు

ఆ వీధిలో ఆమెను అందరూ టేపక్క అంటారు. కొలత టేపు మెడలో వేసుకునే నిద్ర లేస్తుందని ఎవరో నవ్వులాటకి అన్న మాట అలా పేరై కూర్చుంది. ఆమెకు అరవై నిండాయి. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఇంటి ముందుగదే దుకాణం. ఒక కుట్టుమిషను, ఒక కటింగు బల్ల, కిటికీ పక్కన నిలువుటద్దం, గోడకి మేకులకు వేలాడే అట్టముక్కల నమూనాలు.

పని నేర్పింది నాన్న. పన్నెండేళ్ళప్పుడు స్టూలెక్కించి టేపు చేతికిచ్చాడు. "ఒళ్ళు పట్టుకుని కొలవకు తల్లీ. ఒళ్ళు ఇవాళ వస్తుంది, రేపు తగ్గుతుంది. ఎముక పట్టుకుని కొలవాలి. ఎముక మారదు," అనేవాడు. తల వంచితే మెడ వెనక బుడిపెలా తేలే ఎముక దగ్గర కాలరు కూర్చుంటుంది. భుజం చివర వేలికి తగిలే గట్టి అంచు దగ్గర చొక్కా చెయ్యి మొదలవుతుంది, మణికట్టు పక్కన గోళీలా పొడుచుకొచ్చే ఎముక దగ్గర ఆగిపోతుంది. నడుం పక్క ఎముకలు లేకపోతే ప్యాంటు నిలబడదు. వాటి పేర్లేవీ ఆమెకు తెలియవు. ఎక్కడున్నాయో మాత్రం వేళ్ళకు తెలుసు. చలికాలంలో ఎంత మందపాటి కోటు వేసుకొచ్చినా పైనుంచి తడిమి భుజం అంచు పట్టుకునేది.

భర్త రంగులు వేసే మేస్త్రి. ఆయన్ని నిచ్చెన మేస్త్రి అంటారు, నిచ్చెన ఉన్నందుకు కాదు, దాని అవసరం లేనందుకు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. పొడుగుపిడి బ్రష్షు పట్టుకుని మునివేళ్ళ మీద లేస్తే గది కప్పు అంచు అందేది. పెళ్ళికి ముందు చొక్కా కుట్టించుకోవడానికి ఆమె నాన్న దుకాణానికి వచ్చాడు. స్టూలెక్కినా మెడ సరిగ్గా అందక, "కాస్త వంగండి," అందామె.

"వంగితే కొలత తప్పదూ?" అన్నాడాయన.

తప్పుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషని ఆమెకు నచ్చాడు. తర్వాత నాలుగు నెలల్లో ఆయన ఆరు చొక్కాలు కుట్టించుకున్నాడు. ఏడోదానికి గుడ్డ తీసుకొచ్చినప్పుడు నాన్నే అడిగేశాడు. "బాబూ, నీకు చొక్కాలు కావాలా, మా అమ్మాయి కావాలా?"

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఏటా ఆయనకొక కొత్త చొక్కా కుట్టేది. కొలతల పుస్తకంలో ఆయనకంటూ కొన్ని పేజీలు. ముందు పొడవు ముప్ఫై ఒకటి, వెనక పొడవు ముప్ఫై రెండు. ఏళ్ళ తరబడి అవే అంకెలు. పొట్ట పెరిగింది, తగ్గింది, పొడవులు మాత్రం కదల్లేదు.

ఒక ఏడు కొత్త చొక్కా తొడిగించి అద్దం ముందు నిలబెడితే, ముందు అంచు కిందికి జారి, వెనక అంచు పైకి లేచి కనిపించింది. కత్తిరింపులో తప్పు చేశాననుకుని మళ్ళీ కొలిచింది. తప్పు గుడ్డలో లేదు. ముందు పొడవు అరంగుళం తగ్గింది. మరుసటేడు ఇంకో అరంగుళం. వెన్ను గుండ్రమవుతోంది, కాలరు మెడ వెనక నుంచి విడిపోతోంది. విచిత్రమేమిటంటే ప్యాంటు పొడవు నలభై మూడు నలభై మూడుగానే ఉంది. చేతుల పొడవూ అంతే. నడి ఒంటిలోనే ఎక్కడో ఏదో దిగిపోతోంది.

ఆమె ఆ మాట ఆయనతో అనలేదు. ఆయనకు ఎత్తు అంటే ప్రాణం. ఎవరైనా ఫోటో తీస్తుంటే వెనక వరసలో నిలబడి, "నన్ను ముందు పెడితే మీరెవరూ కనపడరు," అనేవాడు. అలాంటి మనిషితో మీరు కుంచించుకుపోతున్నారని ఎలా చెప్పడం? వయసు వచ్చాక అందరూ వంగుతారులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ముందు ముక్క పొట్టిగా, వెనక ముక్క పొడుగ్గా కత్తిరించి, కాలరు పట్టీని కొంచెం ముందుకి జరిపి కుట్టేది. చొక్కా చక్కగా కూర్చునేది. ఆయన అద్దంలో చూసుకుని, "చూశావా, నిన్న కుట్టినట్టే ఉంది నా ఒళ్ళు," అనేవాడు. ఆమె మిషను మీద నూనె పోసే వంకతో తల దించుకునేది.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆరో ఏడు వానలు వెలిశాక మేస్త్రి ఒక బట్టల కొట్టుకి రంగులు వేస్తున్నాడు. పొద్దున్నే, నిండు రంగు డబ్బా ఒకటి కింది నుంచి ఎత్తబోయాడు. వీపులో ఏదో పుటుక్కుమన్నట్టయింది. డబ్బా వదిలేసి గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కొట్టు యజమాని తన వ్యానులో ఆసుపత్రికి చేర్చి, ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె ఉన్నపళాన పరిగెత్తింది, టేపు మెడలోనే ఉండిపోయింది.

ఎముకల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రేలు వచ్చేదాకా ఇద్దర్నీ తన గదిలోనే ఉంచింది. ఆయన బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన మొహం చూడలేక ఆమె చూపు తిప్పుకుంటే, మూలన స్టాండుకి వేలాడుతున్న ప్లాస్టిక్ అస్థిపంజరం కనిపించింది. మొదట ఒళ్ళు జలదరించింది. తర్వాత మెల్లగా దగ్గరికి వెళ్ళింది. మెడ వెనక బుడిపె, అదిగో. భుజం అంచు, అదిగో. మణికట్టు గోళీ కూడా ఉంది. ఇన్నేళ్ళూ చొక్కాల కిందుగా తడిమిన మనిషిని ఎదురుగా చూస్తున్నట్టుంది. వీపు మీది రెక్క ఎముక వెనక వైపు పక్కటెముకలకు ఎక్కడా అతికి లేదని చూసి ఆశ్చర్యపోయింది. చెయ్యి పైకెత్తితే చొక్కా వీపు ఎందుకు పట్టేస్తుందో ఇప్పుడు అర్థమైంది. ఆ రెక్క జరుగుతుందన్నమాట. తెలియకుండానే టేపు తీసి భుజం నుంచి భుజానికి పెట్టింది.

"ఎంతుందమ్మా?" అంది వెనక నుంచి డాక్టరు.

ఆమె ఉలిక్కిపడింది. "పదిహేడున్నర డాక్టరమ్మా. దర్జీ పని చేస్తాను. అలవాటు."

డాక్టరు నవ్వి, ఎక్స్‌రేని లైటు పెట్టె మీద పెట్టింది. "వెన్నెముక అంటాం గానీ ఇది ఒకటే ఎముక కాదు. పూసల వరస. చిన్నప్పుడు ముప్ఫై మూడు ఉంటాయి, పెరిగేకొద్దీ అడుగువి అతుక్కుపోయి ఇరవై ఆరవుతాయి. తల బరువంతా మోసేది ఇవే, లోపల నరాల తాడుని కాపాడేదీ ఇవే. పూసకీ పూసకీ మధ్య మెత్తలు ఉంటాయి కాబట్టి వంగుతున్నాం, తిరుగుతున్నాం. ఇప్పుడు ఇక్కడ చూడండి. పూస ఇటుకలా నలుచదరంగా ఉండాలి. ఈ మూడూ ముందువైపు నలిగిపోయాయి. వెనక ఎత్తు ఉన్నట్టే ఉంది, ముందు ఎత్తు తగ్గింది."

"అందుకేనా ముందు పొడవు తగ్గుతూ వచ్చింది?" అనేసింది టేపక్క.

బల్ల మీద నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఏం పొడవు?"

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆమెనే అడిగింది. "ఎప్పటి నుంచి తగ్గుతోందమ్మా?"

ఇక దాచి లాభం లేదు. ఇంటికి వెళ్ళి కొలతల పుస్తకం తెచ్చింది. డాక్టరు ఆ పేజీలు ఒక్కొక్కటే తిరగేసింది. ఆరేళ్ళలో రెండున్నర అంగుళాలు. నాలుగేళ్ళ కిందట ఒక్కసారిగా ముప్పావు అంగుళం. "అప్పుడేమైనా జరిగిందా?"

"నడుం పట్టేసిందని నాలుగు రోజులు మంచం దిగలేదు," అందామె. "చల్లగాలి పడలేదనుకున్నాం."

"పూస మొదట బాగా విరిగింది అప్పుడే అయ్యుంటుంది. ఏదైనా మందులు వాడుతున్నారా పెద్దాయనా?"

ఆయన నసిగాడు. రంగుల ఘాటుకి ఆయాసం వస్తుంది. ఎనిమిదేళ్ళుగా మందుల కొట్లో అడిగి ఒక తెల్లమాత్ర కొనుక్కుని వేసుకుంటున్నాడు. జేబులోంచి తీసి చూపించాడు. డాక్టరు మొహం మారింది.

"ఇది స్టెరాయిడ్, ఆయాసానికి పనిచేస్తుంది. కానీ ఏళ్ళ తరబడి వేసుకుంటే ఎముకను తినేస్తుంది. అలాగని ఇవాళే మానేయకండి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఊపిరితిత్తుల డాక్టరుకి రాసిస్తాను, ఆయన మెల్లగా తగ్గిస్తారు, పీల్చే మందు ఇస్తారు."

"ఎముక మారదనేవాడమ్మా మా నాన్న," అంది టేపక్క.

"మీ నాన్నగారు కొలత వరకే చెప్పుంటారు. ఎముక రాయి కాదమ్మా, ప్రాణమున్నది. పాతది కొరికేసే కణాలు కొన్ని, కొత్తది కట్టేవి కొన్ని, లోపల ఎప్పుడూ పని జరుగుతూనే ఉంటుంది. పదేళ్ళయ్యేసరికి ఎముకలన్నీ దాదాపు కొత్తవే. మధ్యలో ఉండే మూలుగలోనే రక్తం తయారవుతుంది. గుండె కొట్టుకోవడానికీ, కండ కదలడానికీ సున్నం, అదే కాల్షియం, కావాలి. తిండిలో చాలకపోతే ఒళ్ళు ఎముకలోంచే తీసుకుంటుంది. మీవారికి కొరికేది ఎక్కువైంది, కట్టేది తక్కువైంది."

బల్ల మీద ఆయన నిట్టూర్చాడు. "జన్మంతా ఊళ్ళో గోడలకి సున్నం కొట్టాను. నా లోపల గోడకే లేకుండా పోయిందన్నమాట."

డాక్టరు ఆ పుస్తకం మూసి టేపక్క చేతికిచ్చింది. ఇది ముందే ఎవరికైనా చూపించి ఉంటే బాగుండేదని అనలేదు. అననక్కర్లేకుండానే ఆమెకు తగిలింది.

రెండు రోజుల తర్వాత నడుముకి గట్టి పట్టీ కట్టి ఇంటికి పంపారు. ఆయన ఇంటికొచ్చి, ముందుగదిలో కుర్చీలో నిటారుగా కూర్చుని అడిగాడు. "ఆరేళ్ళు. అంతా తెలిసీ కుట్టుకుంటూ పోయావు?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని."

"ఊళ్ళో అందరికీ తెలుసా?"

"నాకొక్కదానికే తెలుసు. మీకు కూడా తెలియకుండా కుట్టాను." ఇన్ని రోజులూ బిగబట్టుకున్నది ఒక్కసారి తెగింది. "మొదటి ఏడే నోరు తెరిచి ఉంటే తక్కినవి విరిగేవి కావేమో. చొక్కా బాగా కూర్చుందని మురిసిపోయాను. మిమ్మల్ని చూడాల్సింది పోయి గుడ్డని చూశాను."

ఆమె ఏడుస్తుంటే ఆయన కోపం ఎటు పోయిందో తెలియలేదు. లేచి రాలేడు. చెయ్యి చాపాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు తెలియదని ఎవరన్నారే?" అన్నాడు చివరికి. "మూడేళ్ళ నుంచి పని దగ్గర ఒక పీట దాచుకుంటున్నాను. ఎవరూ చూడనప్పుడు ఎక్కుతాను. కప్పు అందకపోతే ఈ మధ్య ఇళ్ళన్నీ ఎత్తుగా కడుతున్నారని చెప్తాను. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన వంక చూసింది. ఏడుపులోంచే నవ్వొచ్చింది. "ఏం మనుషులమండీ మనం," అంది.

మూడు నెలలు పట్టీ ఉంది. ఎముక కట్టే మందు మొదలైంది. ఆయాసం మాత్ర కొంచెం కొంచెంగా తగ్గి, దాని బదులు పీల్చే మందు వచ్చింది. పాలు, గుడ్లు, ఆకుకూరలు, పొద్దుటి ఎండలో నడక. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది, కూర్చోబెడితే ఇంకా పలచనవుతుందని డాక్టరు పదేపదే చెప్పింది. ఆమెనూ వదల్లేదు. ఆడవాళ్ళకి ఈ వయసులో ఈ జబ్బు ఇంకా ఎక్కువ వస్తుందని పరీక్ష చేయించింది. ఎముకలు పలచబడడం మొదలైందని తేలింది. ఆమెకూ మాత్రలు, నడక. పెళ్ళయిన కొత్తలో ఆయనతో నడవాలంటే ఆమె పరుగులాంటి నడక నడవాల్సి వచ్చేది. ఇప్పుడు సాఫీగా పక్కపక్కనే వెళ్తున్నారు. మధ్యలో ఆగి పాత గోడల మీద తన రంగు ఎన్నేళ్ళు నిలిచిందో ఆయన చెప్తాడు, ఆమె వింటుంది.

డబ్బాలు ఎత్తడం మానేశాడు. తలుపులు, కిటికీలు, గేట్లు, కూర్చుని చేసే పనులే ఒప్పుకుంటున్నాడు. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో కొత్తగా ఏ పూసా నలగలేదు. పోయిన ఎత్తు తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పింది కాబట్టి దానికి ఆయన బాధపడలేదు, పడినా చెప్పలేదు. "చెప్పండి," అని ఆమె గద్దించాక, "కొంచెం ఉంది," అన్నాడు.

టేపక్క పనిలో ఒక మార్పు వచ్చింది. పెద్దవయసు వాళ్ళ కొలతలు తీసేటప్పుడు పాత పేజీ తెరిచి పక్కన పెట్టుకుంటుంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ జాకెట్టు కుట్టించుకోవడానికి వస్తే, ముందు పొడవు ముప్పావు అంగుళం తగ్గిందని మొహం మీదే చెప్పేసింది.

"జాకెట్టు కుట్టమంటే నా వెన్ను గురించి నీకెందుకు?" అంది ఆవిడ.

"కోప్పడండి టీచరమ్మా, పర్లేదు. చూపించుకున్నాకే కత్తిరిస్తాను."

ఆవిడ గుడ్డ తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. వారం తర్వాత అదే గుడ్డతో, చంకలో పెద్ద ఎక్స్‌రే కవరుతో గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మని టేపక్క కుర్చీ వేసింది. గేటుకి రంగు కలుపుతున్న మేస్త్రి తలెత్తి, "నిటారుగా కూర్చోండి టీచరమ్మా, మా ఇంట్లో వంగితే ఊరుకోరు," అన్నాడు.