బిడ్డకు చాలని దారి

కురబలకోట పక్క పల్లెలో పుట్టిన ఈశ్వరమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు టమోటా బాక్సుల మీద కూర్చుని మదనపల్లె మార్కెట్టుకు పోతుంటే ట్రాక్టరు బోల్తా పడింది. బాక్సులన్నీ ఆమె నడుం మీద పడ్డాయి. నాటువైద్యుడు ఎముక విరిగిందని పసరు పూసి కట్టు కట్టాడు. కొన్ని నెలలకు లేచి నడిచింది. ఎడమకాలు కాస్త ఈడ్చేది, అంతే. ఎముక అతికిందని ఇంట్లో అందరూ ఊరట పడ్డారు. అది లోపల ఎట్లా అతికిందో ఎవరూ చూడలేదు.

1996లో పుంగనూరులో సైకిల్ షాపు నడిపే నల్లప్పతో ఆమెకు పెళ్లయింది. మరుసటేడు నొప్పులు మొదలైతే అత్త సావిత్రమ్మ మంత్రసానిని పిలిపించింది. పొద్దు గూకి మళ్లీ తెల్లారినా బిడ్డ తల దిగలేదు. నొప్పులు పెరగాలని సూది కూడా వేయించారు.

"గట్టిగా ముక్కు! యాల భయపడతాండావు?" అని అత్త అరుస్తూనే ఉంది.

జీపులో మదనపల్లె ఆసుపత్రికి చేర్చేసరికి గర్భసంచి చిట్లిపోయింది. మగబిడ్డ, దక్కలేదు. ఈశ్వరమ్మను బతికించడానికి గర్భసంచి తీసేశారు. ఆమెకు తెలివి వచ్చేసరికి నల్లప్ప బిడ్డను పూడ్చిపెట్టి వచ్చేశాడు.

"ఇంత ధైర్యం సేసుంటే బిడ్డ బతికుండు" అని సావిత్రమ్మ పక్కింటామెతో అనింది. ఆ మాట ఈశ్వరమ్మ చెవిన పడింది. బిడ్డను తానే చంపుకున్నానని నమ్మింది. అప్పట్నుంచి పురుళ్ల ఇళ్లకు, బారసాలలకు పోవడం మానేసింది.

2005లో తుంటినొప్పి ఎక్కువై నడవలేకపోతే నల్లప్ప ఆమెను కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు మెహ్రీన్ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు దెబ్బ తగిలిందా అనీ, కాన్పులు ఎన్ననీ అడిగింది. ఈశ్వరమ్మ తలవంచుకుని అన్నీ చెప్పింది.

"ఇటు చూడమ్మా. రెండు పక్కలా తుంటెముకలు, వెనక వెన్ను చివరి ఎముక కలిసి గుండ్రంగా ఉండాలి. బిడ్డ తల ఈ నడిమి దారిలోంచే దిగుతుంది. నీకు ఎడమపక్క ఎముక విరిగి, లోపలికి ఒరిగి అతుక్కుంది. దారి సగమైపోయింది."

"నేను గట్టిగా ముక్కుంటే వచ్చుండునా అమ్మా?"

"ఎంత ముక్కినా రాడు. అందులో నీ తప్పేం లేదు. ముందే ఎవరైనా చూసి ఆపరేషన్ చేసుంటే..."

పుంగనూరులో ఇంటికి రాగానే ఈశ్వరమ్మ అత్త ముందు కూర్చుంది.

"అత్తా, బిడ్డకు దారి లేదంట. నేను భయపడినందుకు కాదంట."

సావిత్రమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నాకేం తెలుసమ్మీ..." అంటూ ఏడ్చింది. ఈశ్వరమ్మ చెయ్యి వెనక్కు తీసుకోలేదు. ఓదార్చనూ లేదు.

మర్నాడు భర్తను అడిగింది. "వాణ్ని యాడ పెట్టినావు? నాకు సూపించు."

ఊరి బయట ఆ చోటంతా ఇళ్ల ప్లాట్లయింది. హద్దురాళ్ల మధ్య నల్లప్ప అటూ ఇటూ తిరిగాడు.

"ఈడే ఉండాల. సరిగ్గా గుర్తు లేదు ఈశ్వరీ."

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. వాడికి పెట్టాలనుకున్న పేరు మొదటిసారి పైకి పలికింది.