శుక్రవారం కుస్తీ

చిట్యాల బజారులో బట్టలు కుట్టే గులాం మొహిద్దీన్‌ను ఊరంతా ఉస్తాద్ అంటుంది. ఇంట్లో మాత్రం దాదా. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. గోరింట పెట్టిన గడ్డం, చెవి దగ్గర దారంతో కట్టిన కళ్లద్దాలు, మెడలో టేపు. ఆ టేపును స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తాడా అని ఆయన భార్య, దాదీ జోహరాబీకే అనుమానం. చిట్యాల నుంచి భూపాలపల్లి దాకా కనీసం నలభై మంది దర్జీలు ఆయన దగ్గర కాజాలు కుట్టి పని నేర్చుకున్నవాళ్లే. ఇంత పెద్దమనిషికి ఒక పిచ్చి ఉంది. వీడియో గేములు.

ఈ పిచ్చి కొడుకు సాజిద్ పేరు చెప్పుకొని ఇంట్లోకి వచ్చింది. సాజిద్‌కు ఆరేళ్లప్పుడు దాదా భూపాలపల్లి నుంచి దారపు రీళ్లతో పాటు క్యాసెట్లు వేసి ఆడే గేమ్ పెట్టె ఒకటి తెచ్చాడు. పిల్లవాడి కోసమే అన్నాడు. పిల్లవాడికి రిమోట్ దొరికింది ఐదో రోజున, అదీ జ్వరం వచ్చి ఏడిస్తే. ఆ పెట్టె ఇప్పటికీ బతికే ఉంది. లోపలి స్ప్రింగు పోతే కుట్టుమిషన్ స్ప్రింగు వేశాడు. రిమోట్ మీటలు అరిగిపోతే కోటు గుండీలు అతికించాడు. పొద్దున దుకాణం షట్టరు ఎత్తే ముందు అరగంట దాని మీద ట్యాంకులు పేల్చకపోతే ఆయనకు చాయ్ గొంతు దిగదు.

రెండేళ్ల కిందట సాజిద్ కొత్త గేమ్ మిషన్ కూడా కొనిచ్చాడు. అందులో గుర్రమెక్కి ఎక్కడికైనా పోవచ్చు. శత్రువులను చంపాలి, కోట గెలవాలి. దాదా ఎవరినీ చంపడు. వాన పడుతుంటే గుర్రాన్ని కొండ మీద నిలబెట్టి ఊరికే చూస్తూ కూర్చుంటాడు. లేదంటే ఎదురొచ్చిన సైనికుడి చుట్టూ తిరుగుతూ వాడి కోటును పరీక్ష చేస్తాడు. "కాలర్ చూడు, మేక చెవుల లెక్క ఏలాడుతున్నది. గీనికి కుట్టినోడెవడు?" అంటాడు. ఆ మాట పూర్తి కాకముందే సైనికుడు ఈయనను పొడిచేస్తాడు.

శుక్రవారం ఆట మాత్రం వేరు. ఆ రోజు మధ్యాహ్నం జుమా నమాజు నుంచి వచ్చి అన్నం తిన్నాక, సాయంత్రం అసర్ నమాజు వేళ దాకా దుకాణం తెరవడు. పక్కనే ఎరువుల దుకాణం నడిపే పోశాలు అప్పుడు దుకాణం వెనకున్న ఇంట్లోకి వస్తాడు. ఇద్దరూ పాత పెట్టె మీద కుస్తీ ఆట ఆడతారు. మూడు పట్లలో రెండు గెలిచినవాడిదే గెలుపు. ఓడినవాడు మళ్లీ శుక్రవారం దాకా, ఎక్కడ కనిపించినా, ఎవరి ముందైనా, గెలిచినవాణ్ని ఉస్తాద్ అని పిలవాలి. తాను మాత్రం ఆ పిలుపుకు నోచుకోడు. ఈ షరతు పెట్టింది దాదానే. మొదటి రెండు వారాలు గెలిచిన పొగరులో పెట్టాడు.

ఆ తర్వాత వరుసగా పన్నెండు వారాలు ఓడాడు.

పోశాలు ఆ గెలుపును ఒక్కసారే మింగలేదు, చప్పరించాడు. దుకాణంలో గిరాకీ నిండుగా ఉన్నప్పుడే వచ్చి గడప మీద నిలబడేవాడు. దాదా ఎవరికో ఛాతీ కొలత తీస్తూ ఉండేవాడు.

"ఏందో మరిచిపోయినట్టున్నవ్, మొహిద్దీనూ?"

"రా."

"ఉత్త రా ఏనా?"

"రా... ఉస్తాద్."

రెండు చేతులు చాపి నిలబడ్డ గిరాకీదారు ఇద్దరి మొహాలూ చూసి నవ్వు ఆపుకునేవాడు. మెల్లగా హోటల్లో, బస్టాండులో కూడా పోశాలును అందరూ ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. పదకొండో వారం, ఒకప్పుడు దాదా దగ్గర పని నేర్చుకున్న అరుణ్ గూడూరు నుంచి చూడ్డానికి వచ్చాడు. దుకాణం పాత చోట కనబడక హోటల్లో "ఉస్తాద్ దుకాణమేది?" అని అడిగితే, ఎరువుల దుకాణం చూపించారు. ముప్పై ఎనిమిదేళ్లు మిషన్ తొక్కితే వచ్చిన పేరు యూరియా బస్తాల మధ్య కూర్చుంది. ఆ రోజు దాదా అన్నం ముట్టలేదు.

అదే వారం పోశాలు అంగీ కుట్టమని బట్ట ఇచ్చిపోయాడు. దాదా బట్ట పరిచి, చంక దగ్గర సుద్దతో ఒక అంగుళం తక్కువ గీశాడు. గీతను చాలాసేపు చూశాడు. మళ్లీ అరచేత్తో తుడిచేశాడు.

"పగ నాది. కత్తెర ఏం పాపం చేసింది?" అన్నాడు దాదీతో.

తర్వాతి శుక్రవారం దాదీ వెనక మంచం మీద వెల్లుల్లి ఒలుస్తూ ఆట చూసింది. దాదా మళ్లీ ఓడాడు. పోశాలు వెళ్లాక ఆమె నోరు విప్పింది.

"అజీ, ఆయన టీవీ చూస్తలేడు."

"మరి ఏడ చూస్తున్నడు?"

"మీ కాలు. మీరు తన్నుడు మీట నొక్కే ముందర కుడికాలు నేల మీద దిగుతది, మిషన్ తొక్కినట్టు. అది దిగంగనే ఆయన ఎనుకకు జరుగుతడు."

దాదా నమ్మలేదు. రిమోట్ పట్టుకొని, తల వంచి తన కాలినే చూసుకుంటూ మీట నొక్కాడు. కాలు ముందుగా దిగింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ దిగింది. సొంత కాలే పన్నెండు వారాలుగా పక్క దుకాణానికి కబుర్లు మోస్తోంది.

ఆ వారమంతా కాలికి అబద్ధం నేర్పాడు. కాలు దిగాలి, చెయ్యి కదలకూడదు. చెయ్యి నొక్కాలి, కాలు కదలకూడదు. దాదీ చీపురు పట్టుకొని పక్కన నిలబడి, కాలు తప్పితే మడమ మీద ఒకటి వేసేది. ఆ పనిలో ఆమెకు కొంచెం ఎక్కువ ఉత్సాహమే ఉండేది.

శుక్రవారం వచ్చింది. దాదా కాలు దించాడు. టీవీలో పోశాలు మనిషి వెనక్కి దూకాడు. తన్నే రాలేదు. పోశాలు ముందుకు రాగానే, కాలు కదలకుండా తన్ను వచ్చి పడింది. పోశాలుకు రెండు పట్లూ వరుసగా పోయాయి. పోశాలు రిమోట్ వైపు, దాదా కాలి వైపు మార్చి మార్చి చూశాడు. ఏమనగలడు? కాలు చూసి గెలుస్తున్నానని చెప్పుకోలేడు కదా.

ఇక దాదా పగ తీర్చుకున్నాడు. రోజుకు మూడుసార్లు ఎరువుల దుకాణానికి పోయేవాడు, రైతులు నిండుగా ఉన్నప్పుడు చూసుకొని.

"గడ్డి మందు ఉన్నదా, పోశాలూ?"

"నీకు పొలమే లేదు గదా?"

"అడగొద్దా?"

"ఉన్నది... ఉస్తాద్."

"సరే. నాకొద్దు."

గురువారం దాదా, పోశాలు ఇచ్చిన బట్టతో అంగీ కుట్టడం పూర్తి చేశాడు. కుట్టిన ప్రతి బట్టనూ తిరగేసి చూడందే దాదా ఎవరికీ ఇవ్వడు. ఆ రోజు మాత్రం ఆ పిలుపు ఇంకోసారి వినాలన్న తొందరలో ఇస్త్రీ చేసి, మడిచి, తానే తీసుకుపోయి ఇచ్చాడు. అబద్ధం నేర్చిన కాలు మిషన్ మీద కూడా తన బుద్ధి చూపించిన సంగతి గమనించలేదు. దిగాల్సిన చోట ఆగింది, ఆగాల్సిన చోట దిగింది. ఎడమ చంక కింద కుట్టు వానపాములా మెలికలు తిరిగింది.

గంటలో పోశాలు ఆ అంగీ తొడుక్కొని బజారులోకి వచ్చాడు. కనిపించిన ప్రతివాడికీ ఎడమచెయ్యి ఎత్తి దండం పెట్టడం మొదలుపెట్టాడు.

"మా ఉస్తాద్ కుట్టిండు. చూడు, గిక్కడ చూడు."

దాదా పరుగున వచ్చాడు. "విప్పియ్యి. ఊడదీసి కుడుత."

"ఎందుకు? గాలి మంచిగ ఆడుతున్నది. ఎల్లుండి కాటారంల పెండ్లి ఉన్నది. గిదే తొడుక్కొని పోత. ఎవరు కుట్టిండ్రంటే పేరు చెప్త, ఉస్తాద్."

వారమంతా వినాలని తపించిన మాట అది. ఇప్పుడు చెవిలో సూది గుచ్చినట్టు దిగింది.

"రేపు ఆట. నేను గెలిస్తే అంగీ ఇయ్యాలె."

"ఓడితే?"

"పెండ్లిల నేనే నీ పక్కకు నిలబడి, నేనే కుట్టిన అని చెప్త."

శుక్రవారం దాదా బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. కాలు నిజం చెప్పొద్దు, అబద్ధం చెప్పొద్దు అనుకున్నాడు. కానీ కాలు మడిస్తే చేతికి తాళం తప్పింది. ఒక్క తన్ను తగల్లేదు. మొదటి పట్టు పోయింది. పోశాలు ఎడమచెయ్యి ఎత్తి మెడ గోక్కున్నాడు. కుట్టు కనిపించింది.

దాదా కాళ్లు కిందికి దించాడు.

"చూస్కో, పోశాలూ. మంచిగ చూస్కో."

చీర అంచు పొడుగునా కుట్టేటప్పుడు దర్జీ కాలు ఆగదు. దాదా అలా తొక్కాడు. టకటకటకటక. కాలు దిగుతూనే ఉంది, లేస్తూనే ఉంది, ప్రతి క్షణం తన్ను వస్తోందనే చెబుతోంది. వాటిలో ఏది నిజమో పట్టుకోవడానికి పోశాలు కళ్లు చాల్లేదు. ఆ తాళం మీద చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రెండో పట్టు గెలిచాడు. మూడో పట్టులో పోశాలు కిందా మీదా పడి చివరికి టీవీ వైపు చూసేసరికి అతని మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు.

పోశాలు గుండీలు విప్పి అంగీ ఇచ్చాడు. బనీను మీద లేచి, "ఇంటికి పంపియ్యి," అన్నాడు.

"కూసో. ఇప్పుడే కుట్టి ఇస్త."

దాదా ఎన్నడూ లేనిది, అసర్‌కు గంటన్నర ముందే షట్టరు ఎత్తేశాడు. పోశాలును సరిగ్గా గడప పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. బజారు చూస్తోంది. వచ్చినవాళ్లంతా బనీను మీదున్న ఎరువుల షావుకారును ఏమైందని అడుగుతున్నారు. అతను నేల చూస్తూ, "అంగీ... ఉస్తాద్ కుడుతున్నడు," అని అందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

జానెడు కుట్టు అది. ఊడదీసి మళ్లీ వేయడానికి పావుగంట చాలు. దాదా దారం ఎక్కించాడు, తీశాడు, రంగు కలవలేదని ఇంకో రీలు వెతికాడు, మిషన్‌కు నూనె వేశాడు. అసర్ అజాన్ వినిపించేదాకా కుడుతూనే ఉన్నాడు.