తీర్థం కాని నీళ్లు

దిల్‌సుఖ్‌నగర్‌ మెట్రో స్టేషన్‌ దగ్గరి ఒక మాల్‌ పై అంతస్తులో చిన్న థియేటర్‌ ఉంది. తెర మీద గాలి వీస్తే అక్కడ ముఖానికి గాలి తగులుతుంది. వాన పడితే ఎదుటి కుర్చీ వీపున అమర్చిన సన్నని గొట్టం నుంచి నీళ్లు చిమ్ముతాయి. ఏ దృశ్యానికి ఏది జరగాలో కంప్యూటర్‌లో కుదిర్చేది శైలేందర్‌. ఇబ్రహీంపట్నం వైపు పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉంటున్నాడు.

దెయ్యాల సినిమాలతో పిల్లలను భయపెట్టి భయపెట్టి అతనికి విసుగొచ్చింది. పెద్దవాళ్ల కోసమని ఒక శివాలయం లఘుచిత్రాన్ని ఎంచుకున్నాడు. గంట మోగితే కుర్చీ కంపించేలా, హారతికి కర్పూరం వాసన వచ్చేలా, అభిషేకానికి తుంపర పడేలా ఓపికగా అమర్చాడు.

మొదటి ఆటకు నాగోల్‌ అపార్ట్‌మెంట్ల నుంచి వృద్ధులు వచ్చారు. చెప్పులు తలుపు బయటే విడిచారు. అది చూసి శైలేందర్‌ మురిసిపోయాడు. అభిషేకం వచ్చింది, గొట్టాలు చిమ్మాయి. కంట్రోల్‌ రూమ్‌లోని చిన్న తెర మీద అతనికి హాలు కనిపించింది. అందరూ కుడిచేతులు చాచి, పట్టిన నీళ్లను కళ్లకద్దుకుని తాగుతున్నారు. తడి చేతిని తలకు రాసుకుంటున్నారు.

ఆ గొట్టాలకు నీళ్లందించే తొట్టిలో పాచి పట్టకుండా ఆ పొద్దున మందు కలిపింది అతనే.

వెంటనే నీళ్లు ఆపేశాడు. పక్కనే ఉన్న యజమాని త్రినాథరావుతో, "సార్‌, తాగుతున్నరు. చెప్పాలె" అన్నాడు.

"చుక్క నీళ్లకి ఎవరూ చావరు. నువ్వు చెప్పావంటే రేపట్నుంచి ఇద్దరం ఎల్బీ నగర్‌ చౌరస్తాలో బఠాణీలు అమ్ముకోవాలి. నోరు మూసుకో."

శైలేందర్‌ నోరు మూసుకున్నాడు.

ఆట ముగిశాక మనవరాలు మృదుల చెయ్యి పట్టుకుని మొదట బయటికొచ్చింది వెంకాయమ్మ. నేరుగా అతని దగ్గరికొచ్చి ఖాళీ సీసా చాచింది.

"ఇదంతా చేసింది నువ్వేనటగా బాబూ! మోకాళ్లు పోయాక నేను గుడి మెట్లెక్కింది లేదు. మా ఆయన మంచమే దిగరు. ఆయనకి కాస్త తీర్థం పట్టివ్వు నాయనా."

పక్కనే తాగునీటి క్యాన్‌ ఉంది. అందులోంచి నింపితే ఎవరికీ తెలియదు. అతను సీసా అందుకుని క్యాన్‌ దాకా వెళ్లాడు, సీసా మూత కూడా తీశాడు. వెనక్కి చూస్తే ఆమె కళ్లు మూసుకుని చేతులు జోడించి నిలబడి ఉంది. మూత మళ్లీ బిగించి ఖాళీ సీసాతోనే తిరిగొచ్చాడు.

"అమ్మా, గవి తీర్థం కాదు. బోరు నీళ్లు. మందు కలిపిన. మీరు తాగుతుంటే చూసిన... చెప్పలే."

"చూస్తూ కూర్చున్నావా? మనిషివేనా నువ్వు?" మృదుల గొంతు లేచింది.

వెంకాయమ్మ కొంగుతో పెదవులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"అరవకే," అని మనవరాలిని ఆపి అతనివైపు తిరిగింది. "నాకొక్కదానికి చెప్తే సరిపోయిందా? లోపలున్నవాళ్లు తాగలేదూ?"

త్రినాథరావు కళ్లెర్రజేస్తున్నా శైలేందర్‌ వెళ్లి, మిగతావాళ్లు బయటికొస్తున్న హాలు తలుపు దగ్గర నిలబడ్డాడు. "బాగా చేశావయ్యా," అంటూ ఒక పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. శైలేందర్‌ నేలను చూస్తూ జరిగింది చెప్పాడు. భుజం మీది చెయ్యి వెనక్కి పోయింది. వెనకనున్నవాళ్లు ఏమైందని అడుగుతున్నారు. అతను మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి అందరికీ వినపడేలా.