నర్సమ్మ కారు అద్దం

రాయదుర్గం గుట్టల్లో రాళ్లు పేలుస్తున్న రోజుల్లో చుట్టుపక్కల వాళ్లతో మంచిగా ఉండడమే నా ఉద్యోగం. కార్డు మీద ఇంకేదో పెద్ద హోదా రాసి ఉండేది గానీ పని మాత్రం అదే. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల కోసం మాదాపూర్ వైపు మొదటి పెద్ద భవనాలు లేస్తున్న కాలం అది. ఒక గుట్టను చదును చేసి అప్పగించే పని మా కంపెనీ తీసుకుంది. దుమ్ము పడుతోందని ఒకరు, గోడ బీటవారిందని ఒకరు వస్తే కూర్చోబెట్టి, టీ తెప్పించి, చల్లబరచి పంపాలి. కోస్తా నుంచి వచ్చినవాణ్ని కాబట్టి నా నోట్లో ‘అండి’ ఎక్కువ. ఆ పనికి నేనే తగినవాణ్నని మా సైట్ ఇన్‌చార్జి అంటుండేవాడు. చాలాకాలం దాన్ని పొగడ్త అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పేల్చిన గుట్ట నుంచి కొబ్బరికాయంత రాయి లేచి, కింద బస్తీలోకి వెళ్లి, ఒక పాత కారు ముందద్దం మీద పడింది. అది నర్సమ్మది. సర్కారు దవాఖానలో కాన్పులు చేసి రిటైరైన ఆమెను బస్తీలో అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. గుండ్రటి వీపు, బుగ్గల్లా ఉబ్బిన మడ్‌గార్డులు, వంపు లేని బల్లపరుపు అద్దం ఉన్న యాభైల నాటి చిన్న కారు అది. ఆమె పనిచేసిన దవాఖానలో ఉండిన డాక్టరమ్మ ఊరు వదిలి వెళ్తూ ఇచ్చి వెళ్లిందట. నర్సమ్మే నడిపేది. ఆ ఎగుడుదిగుడు బాటలో ఆటో రాని రోజులు. నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఆ కారులోనే దవాఖానకు తీసుకుపోయేది.

అద్దం పగిలిన మర్నాడే ఆమె గల్లీ గల్లీ తిరిగి వేలిముద్రలు పెట్టించి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చింది. మొదటి సంతకం ఆమెదే. విచారణ అయ్యేదాకా పేలుళ్లు ఆపమని కాగితం వచ్చింది. గుట్ట మీద డ్రిల్లింగ్ మిషన్లు ఆగిపోయాయి. ఇన్‌చార్జి నన్ను పిలిచి, “ఆ ముసలావిడ సరేనంటే మిగతావాళ్లు వాళ్లే సర్దుకుంటారు. ఆమెకు ఏం కావాలో చూడు” అన్నాడు.

ఒక కవరు పట్టుకుని వెళ్లాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“పైసలు నాకెందుకు సారూ? పైసలు ముంగట అంటిస్తే గాలి ఆగుతదా? అద్దం పగలగొట్టిండ్రు, అద్దం బెట్టియ్యిండ్రి. దాని సుట్టు రబ్బరు సుత కొత్తది గావాలె. ఎసొంటిది ఉండెనో అసొంటిదే.”

“తప్పకుండానండి.”

“అండి అంటె గాదు. తిరగాలె. ఆ రబ్బరు బజార్ల దొరకదు.”

నిజంగానే దొరకలేదు. రాణిగంజ్ దుకాణాల వాళ్లు ఆ కారు పేరు వినగానే నవ్వారు. అద్దం కష్టం కాలేదు. వంపు లేనిది కనుక, అట్టముక్క మీద ఆకారం గీసి ఇస్తే రెండు పొరల అద్దాన్ని ఆ కొలతకు కోసి ఇచ్చారు. రబ్బరుకే మూడు వారాలు పట్టింది. పాతది ఎండి చెక్కలా అయిపోయింది. దాని నుంచి జానెడు ముక్క కోసి జేబులో వేసుకుని తిరిగాను. చివరికి జీడిమెట్లలో గొట్టాలకు రబ్బరు పట్టీలు చేసే ఒక చిన్న యూనిట్ దొరికింది. దాని యజమాని ఆ ముక్కను బ్లేడుతో అడ్డంగా కోసి, దీపం దగ్గర పెట్టి చూశాడు. ఒక గాడి అద్దాన్ని పట్టుకోవడానికి, ఇంకొకటి కారు రేకు అంచును పట్టుకోవడానికి. “ఇంత చిన్న పనికి అచ్చు చెక్కాలా?” అన్నాడు. నాలుగుసార్లు వెళ్లి కూర్చున్నాక చెక్కాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మూడు వారాలు నేను నటించలేదు. ఇంటికి వెళ్లి నా భార్యతో ఆ రబ్బరు గురించే మాట్లాడేవాణ్ని. నర్సమ్మ వాకిట్లో రేకుల పందిరి కింద, బస్తీలోనే ఉండే కార్ల మిస్త్రీతో పాటు కూర్చుని, డ్యాష్‌బోర్డు సందుల్లోంచి గాజు పలుకులు ఏరాను. అంచు చుట్టూ తుప్పు గీకి, మళ్లీ పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూశాను. ఆమె పెట్టిన జొన్నరొట్టె తిన్నాను. ‘సారు’ అనేది ‘బిడ్డా’ అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు నాకు నచ్చింది. నటించి ఉంటే ఆమె పసిగట్టేది. జీవితమంతా అబద్ధపు నొప్పులకూ నిజం నొప్పులకూ తేడా చెప్పిన మనిషి ఆమె. నా ఇష్టం నిజమైనది కాబట్టే నమ్మింది. ఆ ఇష్టాన్నే నేను పనికి వాడుకున్నాను.

అద్దం బిగించే రోజు ఉదయం ఇన్‌చార్జి ఒక టైపు చేసిన కాగితం చేతికిచ్చాడు. నష్టం పూడ్చారు, నాకు తృప్తిగా ఉంది, పనికి అభ్యంతరం లేదు అని ఇంగ్లీషులో మూడు వాక్యాలు. రాళ్లు ఎగరకుండా పైన ఇసుక బస్తాలు, పాత టైర్లతో అల్లిన వలలు వేస్తారా అని అడిగాను.

“ఆ వాలు మీద బస్తాలు నిలబడవు. టైముకు గుట్ట పోవాలి. నువ్వు ఆ సంగతులు ఎత్తకు” అన్నాడు.

కాబట్టి నాకు తెలుసు. తెలిసే కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను.

మిస్త్రీ రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, బయటి గాడిలో సన్నటి నైలాన్ తాడు చుట్టూ కూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో వేలాడదీశాడు. అంచుకు సబ్బు నీళ్లు రాశాడు. అద్దాన్ని బయటి నుంచి చట్రంలో ఆనించి, తాడు కొసలు లోపలికి వేశాడు. లోపల ఒకరు తాడు లాగుతుంటే పెదవిలాంటి రబ్బరు మడత రేకు అంచు దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. తాడు ఎక్కడ వస్తోందో సరిగ్గా అక్కడే బయటివాళ్లు అరచేతులతో నొక్కాలి.

“అమ్మా, నువ్వు లోపల కూసో. నేను ఊ అంటెనే గుంజు. జర తొందరపడితివా, రబ్బరు చీరుకపోతది” అన్నాడు మిస్త్రీ.

“నాకు నేర్పుతున్నవా? నీ ముగ్గురు పోరగాండ్లను ఎవరు గుంజిండ్రురా?”

“నువ్వేనమ్మా. మూడోది ఇంటికి పోంగనె మల్ల లోపలికి పోతనని ఏడ్చింది.”

“అయ్య మొకం జూసి ఏడ్చుంటది.”

ముగ్గురం నవ్వాం. ఆమె డ్రైవరు సీటులో మోకాళ్ల మీద కూర్చుని తాడు కొసను వేలికి చుట్టుకుంది. నేను బయట, అద్దానికి ఇవతల. ఆమె ముఖానికీ నా ముఖానికీ మధ్య జానెడు దూరం.

“గుంజుడు గాదు బిడ్డా” అంది నాతో, అద్దంలోంచి. “అది వస్తుంటె తోవ ఇయ్యాలె. నువ్వు ఒత్తు. నేను నీ చెయ్యి జూసుకుంట వస్త.”

అలాగే నా అరచెయ్యి ఎక్కడుంటే అక్కడికి ఆమె తాడు వచ్చింది. కింది అంచు, పక్క, పై మూల. మూల దగ్గర రబ్బరు మొండికేసింది. మిస్త్రీ ఊ అనలేదు. ఆమె ఆగింది. ఇంకొంచెం సబ్బు నీళ్లు పోసి నేను మళ్లీ నొక్కాను. టప్ మని చిన్న చప్పుడు, పెదవి లోపల పడింది. తాడు మొత్తం బయటికి వచ్చేసరికి గంట పట్టింది. తర్వాత నేను లోపల కూర్చున్నాను. వాళ్లిద్దరూ పైనుంచి బిందెలతో నీళ్లు పోశారు. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

టీ తాగుతున్నప్పుడు కాగితం తీశాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కింద తన పేరు ఉన్న చోటు దాకా చదివి, నా వైపు చూసింది.

“మల్ల పేలుస్తరా?”

“పేలుస్తారండి. కానీ పైన బస్తాలు, వలలు వేసే పేలుస్తారు. మీ వైపు పేల్చే రోజు ముందు నేనే వచ్చి చెప్తాను. అప్పటిదాకా పేలుడుకు ముందు ఊదే విజిల్ విన్నా మీరు పరేషాన్ కావద్దు, అది అవతలి వైపుది.”

“నువ్వొస్తవా?”

“నేనే వస్తానండి.”

సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి మరీ తిరిగిచ్చింది.

ఆ కాగితం చూపించి కంపెనీ పేలుళ్లకు మళ్లీ అనుమతి తెచ్చుకుంది. వారం తర్వాత బస్తీ వైపు పేల్చడానికి ముహూర్తం పెట్టారు. ముందు రోజు సాయంత్రమే నాకు చెప్పారు. పొద్దున బయల్దేరాను కూడా. బస్తీ మొదట్లో ఉన్న టీ కొట్టు దాకా వెళ్లి ఆగాను. వెళితే ఆమె అడిగే మొదటి మాట బస్తాల గురించే. గుట్ట మీద ఒక్క బస్తా లేదని ఆమె వాకిట్లోంచే కనిపిస్తుంది. టీ తాగి, ఆఫీసుకు వెనక్కి వచ్చి, ఫైళ్లు సర్దుతూ కూర్చున్నాను. పదకొండు దాటాక విజిల్ వినిపించింది. తర్వాత పేలుడు.

ఏం జరిగిందో ఆ మధ్యాహ్నం మిస్త్రీ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి చెప్పాడు.

“విజిల్ ఊదంగనె అందరు ఇండ్లల్లకు ఉరుకవోయిండ్రు సార్. నర్సమ్మనే ఆపింది. మన దిక్కు గాదు, మన దిక్కయితే సారు వచ్చి చెప్తనన్నడు, ఫికర్ జెయ్యకుండ్రి అన్నది. నల్లా కాడ నీళ్లు వట్టే ఆడోళ్లు అట్లనే నిలబడ్డరు. ఒకామె కాలి మీద పడ్డది రాయి. ఎముక ఇరిగింది.”

“దవాఖానకు తీసుకెళ్లారా?”

“ఇంకెవరు? నర్సమ్మనే. గా కార్లనే. నీకు ముందుగాల తెల్వదా సార్?”

పనిలో ఉండి మరిచిపోయానన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు.

మూడో రోజు గానీ వెళ్లలేకపోయాను. అప్పటికే బస్తీలో మాట పుట్టింది. టీ కొట్టు దగ్గరే విన్నాను: నర్సమ్మ అద్దానికి అమ్ముడువోయిందట. అందరి వేలిముద్రలు తీసుకుని, తను మాత్రం కొత్త అద్దం పెట్టించుకుని సంతకం చేసి వచ్చిందట. విజిల్ ఊదినప్పుడు ఎవర్నీ పోనివ్వకపోవడం కూడా అందుకేనట.

వాకిట్లోకి వెళ్లేసరికి కారు ముందు భాగం ఖాళీగా ఉంది. రబ్బరును చుట్టూ కత్తెరతో కోసి, అద్దాన్ని బయటికి తీసి గోడకు ఆనించింది. మిస్త్రీని పిలవలేదు, తనే తీసింది. కోసిన రబ్బరు ముక్కలు చీపురుతో ఒక పక్కకు ఊడ్చి ఉన్నాయి. నన్ను కూర్చోమనలేదు. బిడ్డా అని కూడా అనలేదు.

“సారూ, నేను కేసులు గీసులు పెట్టలేను. కాగితం నా చేతులతోనే రాసిచ్చిన. తప్పు నాది గూడ ఉన్నది.”

“అమ్మా, నేను...”

“ఇను. నలభై ఏండ్ల సంది ఈ గల్లీల ప్రతి ఇంట్ల నా చెయ్యి పడ్డది. ఇయ్యాల నల్లా కాడికి పోతె బిందెలు దీసుకోని పక్కకు జరుగుతుండ్రు. నాకు ఇంకేం వద్దు. ఈ అద్దం పట్టుకోని గల్లీలకెల్లి నడిచిపో. అడిగినోళ్లకు చెప్పు. నర్సమ్మకు ఏం తెల్వదు, నేనే అబద్ధం చెప్పిన అని. గంతే.”

“చెప్తానండి” అన్నాను.

ఆ క్షణంలో చెప్పాలనే అనుకున్నాను. అద్దాన్ని రెండు చేతులతో ఎత్తి నిలువుగా ఛాతీకి ఆనించుకుని బయటికి నడిచాను. ఆమె గడప దగ్గర నిలబడింది. నల్లా దగ్గర అయిదారుగురు ఆడవాళ్లు ఉన్నారు. పక్కన అరుగు మీద ఒక పెద్దాయన బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి బిందెల చప్పుడు ఆగింది.

“ఏంది సార్, అద్దం వాపస్ తీస్కపోతున్నవ్?” అన్నాడు పెద్దాయన.

ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యాన్ని ఆమె నాకు తయారుచేసి ఇచ్చింది కూడా. ఉద్యోగం పోతుందనే భయం కూడా కాదు. ఆ ఆడవాళ్ల ముందు ‘నేను అబద్ధం చెప్పాను’ అనాల్సి వచ్చేసరికి, అన్నేళ్లుగా జనాన్ని చల్లబరచడానికి అలవాటుపడిన నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

“సైజు కుదరలేదండి. మార్చి తెస్తాను.”

“అబ్బో, మల్ల ఇంకోటి బెట్టిస్తున్నరా నర్సమ్మకు?” అంది ఒకావిడ. ఇంకొకావిడ నవ్వింది.

వెనక తలుపు వేసిన చప్పుడు వినిపించింది. నేను చెప్పింది ఆమెకు వినబడిందో, ఆ నవ్వు మాత్రమే వినబడిందో తెలియదు. ఆ తర్వాత రెండేళ్లు అదే కంపెనీలో, అదే ఉద్యోగంలో ఉన్నాను. ఆ గల్లీలోకి మళ్లీ వెళ్లలేదు. ఆ రోజు వెనక్కి తిరిగి ఆ నల్లా దగ్గరికి పది అడుగులు వేసి, ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ మనసులో ఆ పది అడుగులే వేస్తుంటాను. ఆ రోజు వేయలేదు. అద్దం జారిపోకుండా గట్టిగా పట్టుకుని, కాళ్ల కింద దారి చూసుకుంటూ నడిచాను.